మాగిల్లిగన్ వైణికుడు

బెల్‌ఫాస్ట్ నగరంలో వేరింగ్ వీథి మూలమీద ఒక పాత భవనం ఉన్నది. మన కుటుంబాలవారు దాని ముందునుంచి ఎన్నోసార్లు నడిచే ఉంటారు. చాలాకాలం అందులో బ్యాంకు ఉండేది. ఆ బ్యాంకు 2000 సంవత్సరంలో మూతపడింది. బ్యాంకు కాకముందు దానిని అసెంబ్లీ రూమ్స్ అనేవారు. 1792 జూలైలో ఆ హాలులో ఐర్లండు దేశపు హార్ప్ విద్వాంసులు కొన్ని రోజులపాటు కచేరీలు చేశారు. ఐరిష్‌వారు పదిమంది, వేల్స్ దేశస్థుడు ఒకరు వచ్చారు. వారిలో పలువురు అంధులు. అందరిలోకి చిన్నవానికి పదిహేనేళ్ళు, పెద్దాయనకు తొంభై ఏడు. ఆ పెద్దాయన పేరు డెనిస్ హెంప్సన్. ఆయన కథ మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హార్ప్ అంటే మూడు మూలల కొయ్య చట్రానికి తీగలు కట్టిన వాద్యం. మన వీణకు ఉన్నట్టు మెట్లు ఉండవు, స్వరానికొక తీగ ఉంటుంది. దానిని వాయించేవారిని తెలుగులో ఏమనాలో నాకు తెలియక వైణికుడు అంటున్నాను. సాయంకాలపు తరగతుల్లో, తల నెరిసిన తరువాత తెలుగు నేర్చుకున్నవాడిని. తప్పయితే పెద్దలు మన్నించాలి.

హెంప్సన్ 1695లో గార్వా ఊరికి దగ్గర క్రెయిగ్‌మోర్‌లో పుట్టాడు. మూడేళ్ళ వయసులో మశూచి వచ్చి కళ్ళు పోయాయి. ఆ రోజుల్లో చూపులేని పిల్లవానికి హార్ప్ నేర్పిస్తే జమీందారుల ఇళ్ళలో నాలుగు మెతుకులు దొరికేవి. పన్నెండో ఏట అతనికి తొలిపాఠం చెప్పినది ఒక స్త్రీ, బ్రిజెట్ ఓ కహన్. ఈ విద్యలో ఆడవారూ మగవారూ సమంగా ఉండేవారని ఆయనే తరువాతి కాలంలో చెప్పాడు. ఆమె తరువాత మరి ముగ్గురు గురువుల వద్ద నేర్చుకుని, పద్ధెనిమిదేళ్ళకు సొంతంగా వాయించడం మొదలుపెట్టాడు. గార్వాలో కానింగ్ అనే న్యాయవాది ఆరునెలలు ఇంట ఉంచుకున్నాడు. ఆయనా మరో ఇద్దరూ డబ్బు వేసుకుని కుర్రవానికి ఒక హార్ప్ కొనిపెట్టారు. దానితో పదేళ్ళు ఐర్లండు, స్కాట్లండు అంతా తిరిగాడు. 1745లో రెండోసారి స్కాట్లండు వెళ్ళినప్పుడు ఎడిన్‌బరో నగరంలో, సింహాసనంకోసం తిరుగుబాటు చేసిన చార్లెస్ ఎడ్వర్డ్ రాకుమారుని ఎదుటనే వాయించాడు.

ఇప్పుడు ఆయన వాద్యం సంగతి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పినది ఆ చెక్కే. దానిని 1702లో బాలినస్క్రీన్ వాసి కార్మాక్ ఓ కెల్లీ చేశాడు. ముప్ఫై ఇత్తడి తీగలు. 1805లో దానిని చూసిన శాంప్సన్ అనే మతగురువు ముందుభాగం, పక్కలు తెల్ల విల్లో చెక్కతోనూ, వెనుక పలక ఫర్ చెక్కతోనూ ఉన్నవనీ, పగిలినచోట రాగి, ఇనుప రేకులతో నేర్పుగా అతుకులు వేశారనీ రాశాడు. కెల్లీ దాని కొయ్యమీద ఒక చిన్న పద్యం కూడా చెక్కాడు. అందులో మాట్లాడేది చెక్కే. నోవా కాలంలో తాను పచ్చని చెట్టుననీ, జలప్రళయం తరువాత ఎవరికీ కనబడలేదనీ, 1702లో కెల్లీ తనను భూమిలోనుంచి తవ్వితీసి ఇంత గొప్పదానిని చేశాడనీ చెప్పుకుంటుంది.

కవి కొంత పెంచి చెప్పి ఉండవచ్చు. కాని ఊబిలో చెక్క పాడుకాకపోవడం మాత్రం నిజం. ఇక్కడి నల్లని పీట్ మట్టిలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటాయి, గాలి ఆడదు, పులుపు ఎక్కువ. అందువల్ల కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు బతకవు. ఊబుల్లో దొరికిన ఓక్ దుంగలలోనూ, పాత ఇళ్ళ దూలాలలోనూ ఉన్న వలయాలు లెక్కపెట్టి, బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయంవారు 1984 నాటికి ఏడువేల ఏళ్ళకు పైబడిన వరుస తయారుచేశారు. నేను బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారు నమ్మేవారు కాదు.

పాత ఐరిష్ హార్ప్‌లకు నాదపేటికను ఒకే దుంగను తొలిచి చేసేవారు. ఇది చదివినప్పుడు నాకు బొబ్బిలి జ్ఞాపకం వచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఒకే పనస మొద్దునుంచి కుండ, దండి కలిపి వీణ తొలుస్తారు. మా తాతగారు ఆ వైపువారే. నేటాలు చెరకుతోటలకు ఓడెక్కినప్పుడు ఆయన వెంట వీణ ఏమీ లేదు, భాష ఒక్కటే ఉన్నది. మా నాన్నగారికి అది వింటే అర్థమయ్యేది. నాకు అదీ లేకపోయింది.

హెంప్సన్ వాయించే తీరు వేరు. బెల్‌ఫాస్ట్ సభలో అందరూ వేలికొనలతో మీటితే, పెంచుకున్న వంకర గోళ్ళతో మీటినది ఆయన ఒక్కడే. ఇత్తడి తీగను ఒకసారి మీటితే చాలాసేపు మోగుతూనే ఉంటుంది. ఒక స్వరం ఇంకొకదానిపై పడి కలగాపులగం కాకుండా, ఏ తీగను ఎప్పుడు వేలితో ఆపాలో తెలియాలి. ఆ ఆపడంలోనే ఈ విద్య సగం ఉన్నది. కొత్త బాణీలంటే ఆయనకు గిట్టేది కాదు. పేరుమోసిన కారొలాన్‌ను చిన్నతనంలో ఎరిగి ఉండికూడా అతని రచనలు ఇష్టంగా వాయించేవాడు కాడు.

సభలో పాటలను స్వరపరచి రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే పందొమ్మిదేళ్ళ ఆర్గన్ వాద్యకారుని పెట్టారు. మొదటి బహుమతి పది గినీలు చార్ల్స్ ఫానింగ్‌కు వెళ్ళింది, రెండవది ఆర్థర్ ఓ నీల్‌కు. హెంప్సన్‌కు ఈ రెండూ దక్కలేదు. కాని బంటింగ్ మనసు ఆయనమీదనే నిలిచింది. చాలా పాతకాలపు ఆలాపన ఒకటి ముసలాయనకు తెలుసునని కనిపెట్టి వాయించమని అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. ఎంతో బతిమాలితే చిన్న ముక్క వాయించాడు. దానిని తలుచుకుంటే బాధ కలుగుతుందన్నాడట. విని ఆనందించిన తన ఈడువారు ఒక్కరూ మిగలలేదు కదా! ఆ ముక్క మాత్రమే కాగితానికెక్కింది. తక్కినది ఆయనతోనే పోయింది.

ఇక్కడ బంటింగ్‌ను నేను పూర్తిగా మెచ్చుకోలేను. 1796, 1809, 1840లలో మూడు సంపుటాలు వేశాడు, ఆయన లేకపోతే ఆ పాటలు మనకు దక్కేవి కావు. కాని అచ్చులో వాటిని పియానోకు అనువుగా మార్చాడు. స్వరం దక్కింది, చేతివాటం దక్కలేదు. అయినా ఆ వయసులో అంతపని చేసినవానిని తప్పుపట్టడానికి నేనెవరిని?

హెంప్సన్ ఎనభై ఆరో ఏట పెళ్ళి చేసుకున్నాడు. ఒక్కతే కూతురు. అల్లుడు పీపాలు చేసేవాడు. డెర్రీ బిషప్పు అయిన హార్వీ ప్రభువు మాగిల్లిగన్‌లో ఇల్లు కట్టుకోవడానికి అద్దె లేకుండా స్థలం ఇచ్చి, గృహప్రవేశానికి తానే వచ్చాడు. శాంప్సన్ 1805లో చూడబోయేసరికి వృద్ధుడు నిప్పుగూటి దగ్గర మంచంమీద పడుకుని ఉన్నాడు. హార్ప్ కూడా ఆయన పక్కన దుప్పటి కిందనే ఉన్నది.

1807లో ఆయన వెళ్ళిపోయాడు. లెక్క ప్రకారం నూటపన్నెండేళ్ళు. ముందురోజు ఆ భూముల యజమాని సర్ హార్వీ బ్రూస్ వచ్చాడని తెలిసి, తనను లేపి కూర్చోబెట్టి హార్ప్ చేతికిమ్మన్నాడు. నచ్చిన పాటలో కొన్ని స్వరాలు మీటి, ఇక చేతకాక వెనక్కు వాలిపోయాడు.

మరుసటి ఏడు, 1808లో, బెల్‌ఫాస్ట్‌వారు అంధ బాలురకు హార్ప్ నేర్పే సంఘం పెట్టి ఓ నీల్‌ను గురువుగా నియమించారు. అది 1813 దాటి నిలవలేదు. 1970ల నుంచి మాత్రం కొందరు పాత హార్ప్‌లకు నకళ్ళు చేయించుకుని, గోళ్ళు పెంచుకుని, బంటింగ్ చేతిరాత పుస్తకాలు ముందు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్నారు. ఊబి చెక్క కూడా వాద్యాలకు తిరిగి వచ్చింది. 1974లో గిటార్ల తయారీ మొదలుపెట్టిన జార్జ్ లోడెన్ డౌన్ జిల్లా కార్ఖానాలో ఊబి ఓక్ పలకలతో గిటార్లు చేశారు. గిటార్‌కు దుంగను తొలవరు. పలుచని పలకలు కోసి, వేడిచేసి వంచి అతుకుతారు. ఊబి చెక్కను చాలాకాలం నెమ్మదిగా ఆరబెట్టకపోతే పగుళ్ళిస్తుందని చెబుతారు.

హెంప్సన్ హార్ప్ బ్రూస్‌గారి డౌన్‌హిల్ భవనంలో చాలాకాలం ఉండడంవల్ల దానికి డౌన్‌హిల్ హార్ప్ అని పేరు వచ్చింది. తరువాత అది డబ్లిన్‌లోని గిన్నెస్ సంస్థకు చేరింది. అటు వెళ్ళినవారు పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. సీసా మీద ముద్రలో ఉన్న హార్ప్ ఇది కాదు, అది ట్రినిటీ కళాశాలలోనిది. కెల్లీ చెక్కిన అక్షరాలు పక్కమీద ఉంటాయి, కొంచెం వంగి చూడాలి.