మంచిచెడ్డల నడుమ బుచ్చిబాబు

మానవుని హృదయంలో మంచి, చెడ్డ రెండూ కాపురం ఉన్నవన్న మాట కొత్తది కాదు. మన పురాణాలు ఆ రెండింటినీ దేవదానవులుగా విడదీసి, పాలసముద్రానికి చెరియొక వైపున నిలబెట్టినవి. ఒకే వాసుకిని పట్టుకొని లాగిన ఆ ఇరుపక్షాలవారూ కశ్యపుని బిడ్డలేనన్న సంగతి మాత్రం మనం తరచుగా మరచిపోతూ ఉంటాము. పాఠకునికి సుఖమైన ఆ మరపును తెలుగు కథలో, నవలలో గట్టిగా కదలించిన రచయితలలో బుచ్చిబాబు ఒకరు.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916 జూన్ 14న ఏలూరులో జన్మించినారు. కృష్ణా గోదావరుల కాలువలు కలిసే ఊరది. తమ్మిలేరు ఆ ఊరిని ఒరసికొంటూ కొల్లేటికి పోతుంది. కాలువలో పారే నీటిలో కృష్ణ ఎంత, గోదావరి ఎంత అని విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. బుచ్చిబాబు సృష్టించిన మనుష్యుల స్వభావమూ ఇంచుమించు అటువంటిదే.

వారు ఆంగ్లసాహిత్యం అభ్యసించి ఎం.ఏ. పట్టా పొందినారు. అనంతపురంలోను, విశాఖపట్నంలోను కొంతకాలం ఇంగ్లీషు ఉపన్యాసకులుగా పనిచేసినారు. 1945లో మద్రాసు రేడియోలో చేరి, జీవితాంతం ఆ కొలువులోనే ఉన్నారు. ఎనభైకి పైగా కథలు, అనేక నాటికలు, వ్యాసాలు, ఒక నవల వారి సాహిత్య సంపద. కుంచె పట్టి ప్రకృతి దృశ్యాలను చిత్రించడం వారికి మరొక వ్యసనం. భార్య శివరాజు సుబ్బలక్ష్మి కూడా కథకురాలు, చిత్రకారిణి. పైకి చూస్తే ఇది ఒడుదొడుకులు లేని ఉద్యోగి జీవితం. అటువంటి నెమ్మదైన జీవితం గడిపిన మనిషి తెలుగులో ఇంత కల్లోలమైన నవల ఎట్లా వ్రాయగలిగినాడన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. కల్లోలం సంఘటనలలోనే ఉండనవసరం లేదని, మనస్సులోనే దానికి చాలినంత చోటు ఉన్నదని ఆ నవలే సమాధానం చెబుతుంది.

ఆ నవల 'చివరకు మిగిలేది'. 1946-47 సంవత్సరాలలో 'నవోదయ' పత్రికలో ధారావాహికంగా వెలువడి, 1952లో పుస్తకరూపం పొందింది. కథానాయకుడు దయానిధి వైద్యుడు. అతని తల్లి శీలాన్ని గురించి లోకం చెడ్డగా చెప్పుకొంటుంది. తల్లి మరణిస్తుంది గాని ఆ మాట మరణించదు. అతడు ఎక్కడికి పోయినా అది ముందే పోయి అరుగు మీద కూర్చొని ఉంటుంది. పాపం చేసినదెవరో, చేసినది పాపమేనో తేలకుండానే శిక్ష మాత్రం కొడుకు అనుభవిస్తాడు.

ఇక్కడనే బుచ్చిబాబు దృష్టిలోని ప్రత్యేకత గోచరిస్తుంది. ఆంగ్లంలో స్టీవెన్సన్ 1886లో ప్రకటించిన జెకిల్, హైడ్ కథ లోకప్రసిద్ధమైనది. అందులోని జెకిల్ కూడా వైద్యుడే. తనలోని చెడ్డను మంచి నుండి వేరుచేయాలని అతడు ఒక మందు కనిపెట్టి త్రాగుతాడు. చెడ్డ వేరే రూపం ధరించి వీథిన పడుతుంది. చివరకు త్రాగినవానినే మ్రింగుతుంది. విభజన సాధ్యమనే భ్రమ వలన కలిగిన వినాశమది. దయానిధి వద్ద అటువంటి మందు లేదు. అతనిని పీడించే చెడ్డ అతని రక్తంలో పుట్టినది కూడ కాదు. లోకుల నోట పుట్టి, చెవి గుండా లోపలికి వచ్చి, మనస్సులో గూడు కట్టుకొన్నది. తల్లిని పూజించాలా, నిందించాలా అన్న సందేహం అతనిని చిరకాలం వదలదు. పూజిస్తే లోకాన్ని ధిక్కరించవలెను. నిందిస్తే తన్ను తానే నిరాకరించుకోవలెను. తల్లి నడతను గురించిన వేదన, కార్యానికి ఉపక్రమించనీయని ఆలోచన - ఈ రెండింటినీ చూచి విమర్శకులు హామ్లెట్‌ను తలచుకొన్నారు. షేక్స్పియరును గురించి ఒక గ్రంథమే వ్రాసిన బుచ్చిబాబు విషయంలో ఆ పోలిక అసంగతం కాదు. అయితే హామ్లెట్‌కు పగ తీర్చుకొనడానికి ఒక శత్రువున్నాడు. దయానిధికి అటువంటి శత్రువు లేడు. లోకుల మాటను కత్తితో పొడవడం సాధ్యమా?

అతని జీవితంలో ప్రవేశించిన స్త్రీలు కూడ ఈ మంచిచెడ్డల లెక్కకు లొంగరు. అమృతం పరుల ఇల్లాలు. అయినా దయానిధికి నిండైన వాత్సల్యం లభించినది ఆమె వద్దనే. కోమలి సౌందర్యంలో అతడు పవిత్రతను వెదకుతాడు. ఆమె బ్రతుకుతెరువు వెదకుతుంది. ధర్మపత్ని ఇందిరతో సంసారం నిలువకముందే జబ్బు ఆమెను కబళిస్తుంది. శాస్త్రం అంగీకరించిన బంధంలో తృప్తి లేదు. తృప్తి దొరికినచోట శాస్త్రం అంగీకారం లేదు. సాధారణ రచయిత అయితే వీరిలో ఒకరిని దేవతను, మరొకరిని దెయ్యాన్ని చేసి ఊరుకొనేవాడు. బుచ్చిబాబు తీర్పరి పీఠం ఎక్కలేదు.

కథ కోస్తా నుండి రాయలసీమకు నడుస్తుంది. అనంతపురంలో పాఠాలు చెప్పిన రచయితకు ఆ నేల పరిచితమైనది. వానలు పడిన తరువాత వజ్రకరూరు ప్రాంతపు చేలలో జనం రాళ్లు వెదకడం నేటికీ ఉన్నదే. దయానిధికి వజ్రం దొరుకుతుంది, ఐశ్వర్యం వస్తుంది, ఆసుపత్రి వెలుస్తుంది. ఇక మంచి గెలిచినదని పాఠకుడు ఊపిరి పీల్చుకొనే సమయంలో, పరప్రాంతంవాడన్న ద్వేషం రగులుకొంటుంది. మేలు చేసినవాని మీదికే జనం ఎత్తి వస్తారు. ఆసుపత్రి ధ్వంసమౌతుంది. ఆ జనం రాక్షసులా? నిన్న వైద్యానికి వచ్చి చేతులు జోడించినవారే వారిలో ఉండవచ్చును. ఒక మనిషిలోని ద్వంద్వమే గుంపులో ఎన్నో రెట్లు పెరిగి కనిపిస్తుంది.

అన్నీ పోయిన తరువాత మిగిలేదేమిటి? తనతో తాను సమాధానపడడమే అన్న ఎరుక దయానిధికి కలుగుతుంది. దీనిని పరాజయమన్నవారున్నారు, కథానాయకుడు నిష్క్రియుడని ఆక్షేపించినవారూ ఉన్నారు. ఆ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అన్యాయాన్ని ఎదిరించవలసిన వేళ ఆత్మపరిశీలనలో మునిగినవాడు అన్యాయానికే సాయపడవచ్చును. దయానిధి మౌనానికి మూల్యం చెల్లించినవారిలో అతనిని ప్రేమించినవారు కూడ ఉన్నారు. కాని అదే దశకంలో గోపీచంద్ వ్రాసిన 'అసమర్థుని జీవయాత్ర' ప్రక్కన పెట్టి చూస్తే భేదం తెలుస్తుంది. ఆదర్శానికీ ఆచరణకూ నడుమ నలిగిన సీతారామారావు తన్ను తాను క్షమించలేక నశిస్తాడు. దయానిధి నశించడు. తనలోని లోపంతో కలిసి బ్రతకడానికి అంగీకరిస్తాడు. తన్ను క్షమించుకొన్నవానికే తల్లిని క్షమించడం, లోకాన్ని క్షమించడం సాధ్యమౌతుంది.

బుచ్చిబాబు ఒక నాటకానికి 'ఆత్మవంచన' అని పేరు పెట్టినారు. వారి దృష్టిలో చెడ్డకు అసలైన పుట్టిల్లు అదేనేమో అనిపిస్తుంది. తనలో చెడ్డ లేదని నమ్మేవాడు దానిని ఇతరులలో వెదకుతాడు. వెదకినచోట అది దొరకక మానదు. దయానిధి తల్లిని నిందించిన లోకం చేసిన పని అదే. 'నన్ను గురించి కథ వ్రాయవూ?' అన్న ప్రసిద్ధ కథలో మరొక అంచు కనిపిస్తుంది. గొప్ప పుణ్యమూ, గొప్ప పాపమూ లేని ఒక మామూలు స్త్రీ తన మీద కథ వ్రాయమని అడుగుతుంది. దేవతలకు, రాక్షసులకు మాత్రమే కథలుంటవన్న మన అలవాటును ఆ ప్రశ్న మృదువుగా నిలదీస్తుంది.

1967 సెప్టెంబరు 20న బుచ్చిబాబు హైదరాబాదులో కన్నుమూసినారు. అప్పటికి వారి వయస్సు 51 సంవత్సరాలు. వారి జ్ఞాపకాలను కాపాడుకొంటూ, తానూ వ్రాస్తూ, చిత్రిస్తూ సుబ్బలక్ష్మిగారు 2021 వరకు జీవించినారు.

రెండవ నవల లేకుండానే ఆ ఒక్క నవల నిలిచింది. అందుకు కారణం శిల్పం మాత్రమే కాదు. ఇరుగుపొరుగు నోట ఒక తల్లి పేరు నలిగినప్పుడెల్లా, ఆ యింటి బిడ్డ తలవంచుకొని వీథి దాటినప్పుడెల్లా దయానిధి కథ మళ్లీ మొదలవుతూనే ఉన్నది. ఆ బిడ్డను చూచి నోరు మెదపబోయే మనిషి ఒక్క క్షణం ఆగి తనలోనికి తొంగి చూచుకొన్ననాడు బుచ్చిబాబు కృషి ఫలించినట్లే.