తన పడకను వృద్ధురాలికిచ్చిన పునీత జీన్ జుగాన్

ఆగస్టు 30వ తేదీన తల్లి శ్రీసభ పునీత జీన్ జుగాన్‌ను స్మరించుకుంటుంది. మంచాన పడిన పెద్దలున్న ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన జీవితం ఆమెది.

ఫ్రాన్సు దేశపు బ్రిట్టనీ తీరాన, కాంకాల్ అనే జాలరుల ఊరిలో 1792 అక్టోబరు 25న జీన్ జన్మించింది. నాలుగేళ్ళు నిండకముందే తండ్రి సముద్రంలో గల్లంతయ్యాడు. పదహారవ ఏట ఆమె ఒక గొప్పింట్లో వంటపనికి కుదిరింది. తరువాత సెయింట్ సెర్వాన్ పట్టణపు ఆసుపత్రిలో ఆరేళ్ళు రోగులకు సేవ చేసింది. ఆపైన ఒక భక్తురాలి ఇంట చేరి, 1835లో ఆ తల్లి కన్నుమూసే వరకు 12 ఏళ్ళు కనిపెట్టుకొని ఉంది.

1839 చలికాలంలో ఆన్ షోవాన్ అనే వృద్ధురాలు దిక్కులేక మిగిలింది. చూపు లేదు, ఒక పక్క పక్షవాతం. జీన్ ఆమెను మోసుకొని మెట్లెక్కి తన గదికి తెచ్చింది. తన పడకను ఆమెకిచ్చి, తాను అటక మీద పడుకుంది. అప్పటికి జీన్ వయస్సు 47 ఏళ్ళు.

అయితే జాలి ఒక్కటే ఇల్లు నడపదు. ఆ ఇంట్లో జీన్‌తో పాటు వయసు మళ్ళిన ఫాన్షోన్, పదిహేడేళ్ళ వర్జీనీ ఉండేవారు. ముగ్గురూ భారం పంచుకున్నారు. జీన్ పగలు ఇళ్ళలో కూలిపని చేసి, రాత్రివేళ బట్టలు ఉతికి, కుట్టేది. త్వరలోనే మరొక వృద్ధురాలు వచ్చి చేరింది. కొద్ది ఏళ్ళలోనే వారి సంఖ్య నలభైకి చేరింది. ఓపిక ఉన్న అవ్వలు ఉన్ని వడికేవారు. దానివల్ల నాలుగు డబ్బులు రావడమే కాక, తాము ఎవరికీ భారం కామనే ధైర్యం వారికి కలిగేది. అవ్వలు ఇదివరకు బిచ్చమెత్తిన ఇళ్ళు ఏవో అడిగి తెలుసుకొని, వారి బదులు జీన్ బుట్ట పట్టుకొని ఆ గడపలు ఎక్కింది. 1845లో ఫ్రెంచి అకాడమీ ఆమె సేవకు బహుమతి ఇచ్చింది.

ఇలా పుట్టినదే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ మఠకన్యల సభ. కాని 1843 డిసెంబరులో సోదరీమణులు జీన్‌ను తిరిగి పెద్దగా ఎన్నుకోగా, లె పయ్యర్ అనే గురువు ఆ ఎన్నికను కొట్టివేసి మరొకరిని నియమించాడు. స్థాపకుడు తానేనని చెప్పుకున్నాడు. 1852లో ఆమెను మఠానికి రప్పించి, భిక్షకు వెళ్ళడం కూడ మాన్పించారు. స్థాపకురాలు ఈమేనని కొత్తగా చేరిన కన్యలకు తెలియదు. 27 ఏళ్ళు అలాగే గడిపి, చూపు మందగించిన వృద్ధాప్యంలో ఇతరుల సేవలు అందుకుంటూ, 1879 ఆగస్టు 29న ఆమె ప్రభువులో నిద్రించింది. 1890లో రోము ఆ గురువును తొలగించింది. 2009 అక్టోబరు 11న జగద్గురువులు 16వ బెనెడిక్ట్ ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆమె సభ కన్యలు మన సికింద్రాబాదులోనూ వృద్ధులకు ఆశ్రయమిచ్చారు.

ప్రియ పాఠకులారా, మన ఇళ్ళలో పెద్దల మంచం ఎక్కడ వేశాము? గాలి వెలుతురు వచ్చే గదిలోనా, వసారా మూలనా? వారి సేవంతా ఒక్క కోడలి మీదనో, ఒక్క కూతురి మీదనో వదిలివేశామా? రాత్రి కాపలా ఎవరిది, మందుల ఖర్చు ఎవరిది, దివ్యసత్ప్రసాదం తెమ్మని గురువులకు కబురు చేసేది ఎవరు? దూరాన ఉన్న పిల్లలు కూడ కలిసి కూర్చొని ఈ పనులు పంచుకోవాలి. చేతనైన చిన్న పని పెద్దలకూ ఇవ్వాలి. జీన్ జుగాన్ ఇల్లు నిలబడినది ఇటువంటి ఏర్పాటు మీదనే.