లెక్కలెరిగిన సేవామూర్తి ఫ్లారెన్స్ నైటింగేల్

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలన్నారు. ఆ భాగ్యాన్ని కోల్పోయినవాడు ప్రాణాలపై ఆశతో ఆసుపత్రి మెట్లెక్కుతాడు. అట్టి రోగి వచ్చిన వ్యాధి వల్ల గాక, ఆసుపత్రిలో అంటుకొన్న వ్యాధి వల్ల మరణిస్తే అంతకన్న ఘోరం వేరొకటి లేదు. ఈ ఘోరాన్ని కన్నులారా చూచి, దాని కారణాలను లెక్కలతో నిరూపించి, ప్రభుత్వ వైద్యశాలల తీరును మార్చడానికి జీవితమంతా ధారపోసిన మహనీయురాలు ఫ్లారెన్స్ నైటింగేల్. చేత దీపం ధరించి రాత్రివేళ రోగుల నడుమ సంచరించిన దయామయిగా ఆమెను మనం పాఠ్యపుస్తకాలలో ఎరుగుదుము. ఆ చిత్రం అసత్యం కాదు. కాని అది ఆమె జీవితంలో ఇరవయ్యొక్క నెలల ముచ్చట మాత్రమే. అసలు కథ ఆ దీపం ఆరిన తరువాత మొదలయింది.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఒక సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పేరయింది. విద్యావంతుడైన తండ్రి ఆమెకు స్వయంగా భాషలు, చరిత్ర, తత్త్వశాస్త్రం బోధించాడు. గణితంపై ఆమెకు చిన్ననాటి నుండి మక్కువ ఎక్కువ. రోగుల సేవకు అంకితం కావాలని ఆమె కోరగా ఇంటివారు అంగీకరించలేదు. ఆ రోజులలో ఆసుపత్రి పరిచారిక పని గౌరవనీయమైనదిగా ఎవరూ తలచేవారు కారు. అయినా ఆమె పట్టు విడువక, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొంది, 1853లో లండన్‌లో ఒక చిన్న వైద్యశాలకు పర్యవేక్షకురాలయింది.

ఇంతలో క్రిమియా యుద్ధం వచ్చింది. ఉస్మానియా తురుష్క సామ్రాజ్యానికి బాసటగా బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలు రష్యాతో పోరాడిన యుద్ధమది. ఇస్తాంబుల్ నగరానికి ఎదుట, బాస్ఫరస్ జలసంధికి ఆవలి ఒడ్డున గల ఉస్కుదార్‌లో తుర్కీ ప్రభుత్వం ఒక పెద్ద సైనిక నివాసాన్ని బ్రిటిష్ వారికి ఆసుపత్రిగా ఇచ్చింది. ఆంగ్లేయులు ఆ ఊరిని స్కుటారి అనేవారు. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై నైటింగేల్ 38 మంది పరిచారికలతో 1854 నవంబరు 4న అక్కడకు చేరింది.

క్రిమియాలో జబ్బుపడిన సైనికుని ప్రయాణం ఎట్లుండెనో ఒక్కసారి ఊహించండి. అతనిని రేవుకు మోసి, కిక్కిరిసిన ఓడలో వేసి, నల్ల సముద్రం దాటించేవారు. ఓడలో పడకలు లేవు. తగిన వైద్యమూ లేదు. స్కుటారి రేవులో దింపి, గుట్ట మీది ఆసుపత్రికి మోసుకొనిపోయేవారు. అక్కడ అతనికి నేల మీద చాప దొరికినా అదృష్టమే. గిడ్డంగిలో బట్టలున్నా, అధికారుల సంఘం తనిఖీ చేసి సంతకాలు చేయనిదే బయటకు వచ్చేవి కావు. వైద్యుడు వ్రాసిన పథ్యం వంటశాలకు చేరేది కాదు. చేరినా, వండినది వార్డుకు వచ్చేసరికి చల్లారిపోయేది. వైద్యులు నిర్దయులు కారు. అధికారులందరూ దుష్టులు కారు. ఒకరి పని ముగిసిన చోట వేరొకరి పని మొదలు కావాలి గదా! ఆ సంధిలోనే రోగి ప్రాణం జారిపోయేది.

నైటింగేల్ ముందుగా ఈ తెగిన లంకెలను కలిపింది. ప్రజలిచ్చిన విరాళాలతో దుప్పట్లు, చొక్కాలు, పాత్రలు కొనిపించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, కాగులు పెట్టించి, సైనికుల భార్యలచే బట్టలు ఉతికించింది. పథ్యపు వంటకు వేరే వంటశాల ఏర్పరచింది. పత్రికలు ఆమెను వేనోళ్ళ పొగిడాయి.

అయినను మరణాలు తగ్గలేదు. పైగా పెరిగాయి. ఆ మొదటి చలికాలంలో స్కుటారిలో నాలుగు వేలకు పైగా సైనికులు మరణించారు. 1855 ఫిబ్రవరిలో మరణాలు నూటికి 42 వరకు పెరిగాయి. మార్చి నెలలో డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్‌సన్ మున్నగువారితో కూడిన పారిశుధ్య సంఘం అక్కడకు వచ్చింది. వారు చూడగా ఆసుపత్రి కట్టడం పూడిపోయిన మురుగు కాలువల పైననే నిలిచి ఉన్నది. ఆ దుర్వాయువులు గదులలోనికి వస్తున్నవి. తాగునీరు కలుషితమై ఉన్నది. వారు కాలువలు శుభ్రపరచి, చచ్చిన జంతువుల కళేబరాలను తీయించి, గోడలకు సున్నం కొట్టించి, గాలి వచ్చేటట్లు చేశారు. జూన్ నాటికి మరణాలు నూటికి సుమారు రెండుకు దిగిపోయాయి.

1856లో స్వదేశానికి తిరిగివచ్చిన నైటింగేల్, జనన మరణ గణాంకాలలో నిపుణుడైన డాక్టర్ విలియం ఫార్‌తో కలసి ఈ లెక్కలను పరిశీలించింది. సైనికులు ఆకలితో, అలసటతో కృశించి, ఆలస్యంగా చేరినందువల్లనే మరణించారని అంతవరకు ఆమె నమ్మిక. లెక్కలు వేరొక సత్యం చెప్పాయి. యుద్ధరంగం దగ్గర ఉన్న ఆసుపత్రుల కంటె, తాను రేయింబవళ్ళు శ్రమించిన స్కుటారిలోనే మరణాలు అధికం. కీర్తి శిఖరం మీద నిలిచిన వ్యక్తికి ఇంతకన్న చేదు నిజం ఉండబోదు. ఆమె దానిని దాచలేదు. మరుగుపరచడానికి ఇష్టపడేవారు ఎందరున్నా, 1858లో ఆ మరణాల పట్టికలను, చక్రాకారపు రంగుల చిత్రాలను అచ్చువేయించి మంత్రులకు, పార్లమెంటు సభ్యులకు పంపింది. గాయాలతో పోయినవారి కంటె నివారింపదగిన రోగాలతో పోయినవారు ఎన్నో రెట్లని ఆ చిత్రాలు చూడగానే తెలిసేది. ఆ ఏడే గణాంకశాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నది. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమెయే.

అప్పటికే ఆమె ఆరోగ్యం చెడింది. చాలాకాలం మంచం మీద నుండియే పనిచేసింది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో పరిచారికల శిక్షణాలయం వెలసింది. అదే సంవత్సరం లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఆమె ఒక పట్టిక సమర్పించింది. ప్రతి ఆసుపత్రీ చేరినవారు, కోలుకొన్నవారు, కొంత మెరుగై వెళ్ళినవారు, మరణించినవారు ఎందరో, ఎన్ని దినాలున్నారో ఒకే తీరున వ్రాయాలన్నది ఆమె ఆశయం. అనాథ శరణాలయాల ఆసుపత్రులలో రోగులకు తోటి అనాథలే పరిచర్య చేసే దుస్థితిని మాన్పించడానికి, విలియం రాత్‌బోన్ అనే దాత సహాయంతో 1865లో లివర్‌పూల్‌కు శిక్షణ పొందిన పరిచారికలను పంపింది. వారి నాయకురాలు ఆగ్నెస్ జోన్స్ 1868లో ఆ సేవలోనే టైఫస్ జ్వరానికి బలి అయింది. పేద రోగి కూడా రోగియే, అతనికి తక్కువ రకం వైద్యం తగదన్నది నైటింగేల్ సిద్ధాంతం.

ఆమె మన దేశాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాలన్నింటికి ప్రశ్నావళులు పంపించి, వచ్చిన సమాధానాల గుట్టలను చదివి, 1863 నాటి రాయల్ కమిషన్ నివేదికకు ప్రాణం పోసింది. భారతదేశంలోని బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని ఆ నివేదిక తేల్చింది. సైనికుల ఆరోగ్యంతో మొదలైన ఆమె ఆలోచన క్రమంగా గ్రామాల మురుగుకు, మంచినీటికి, కరవుకు విస్తరించింది. మన గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఆమె ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, నీటిపారుదల కోసం గట్టిగా వాదించింది.

ఆమెలో లోపాలు లేకపోలేదు. సూక్ష్మక్రిముల సిద్ధాంతాన్ని చాలాకాలం ఒప్పుకొనలేదు. దుర్వాయువులే రోగాలకు మూలమని నమ్మింది. కాని శుభ్రత, గాలి, నీరు అన్న ఆమె మందు సరియైనదే అయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందిన తొలి మహిళగా నిలచి, 1910 ఆగస్టు 13న, తన తొంబయ్యవ ఏట దివంగతురాలయింది.

కొంతకాలం క్రిందట మా నాన్నగారిని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోయాను. చీటీకి ఒక వరుస, రక్తపరీక్షకు వేరొక వరుస, దాని ఫలితానికి మరుసటి రోజు. ఫలితం చేతికి వచ్చేసరికి వైద్యుని వేళ దాటిపోయింది. అక్కడ ఎవరూ మమ్ములను కసరలేదు. ఎవరి పని వారు చేశారు. ఆ సాయంకాలం నాకు స్కుటారి గిడ్డంగి గుర్తుకు వచ్చింది.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులు, నర్సులు, గుమాస్తాలు, అధికారులు కాగలరు. దయ ఉండాలి, దయ ఒక్కటే చాలదు. మీ బల్ల వద్ద నుండి కదలిన రోగి తరువాతి బల్లకు సకాలంలో చేరినాడా అని విచారించండి. మీ చేతి మీదుగా జరిగిన మేలునే గాక కీడును కూడా పుస్తకంలో నిజాయితీగా వ్రాయండి. తన కీర్తిని తగ్గించే లెక్కను తన చేతులతోనే అచ్చువేయించిన ఆ మహిళ మనకు విడిచిపోయిన పాఠం ఇదే.