తారల కొలత నెరిగిన వైను బప్పు

భూగర్భం నుండి బొగ్గును వెలికితీసే మా రామగిరి ప్రాంతంలో కొలతకు గల విలువ అందరికీ తెలిసినదే. లారీని తూచే కాటాను ముందుగా తెలిసిన బరువుతో సరిచూడాలి. గనిలో మండే వాయువును పసిగట్టే పరికరాన్ని తెలిసిన పాళ్ళ వాయువుతో పరీక్షించాలి. సరిచూడని పరికరాన్ని నమ్మితే ప్రాణాలకే ముప్పు. మరి చేతికందని నక్షత్రాన్ని కొలవడమెలా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన మహనీయులలో హైదరాబాదులో పెరిగిన వైను బప్పు ఒకరు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తండ్రి నిజామియా నక్షత్రశాలలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్వంత ధనంతో స్థాపించిన ఆ నక్షత్రశాల, నవాబు మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వపరమైంది. లక్షలాది తారల స్థానాలను పట్టికలకెక్కించిన సంస్థ అది. అక్కడి దుర్భిణుల నడుమనే ఆ బాలుని చూపు ఆకాశంపై నిలిచింది. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో ఆయన హార్వర్డు చేరారు. 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. బాక్, న్యూకిర్క్‌ల పేర్లతోపాటు ఆయన పేరూ దానికి స్థిరపడింది.

అనంతరం అమెరికాలోనే ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పరిశోధన ఆయన కీర్తికి మూలం. చల్లని తారల వర్ణపటంలో కాల్షియం రేఖ నడుమ వెలిగే భాగపు వెడల్పును బట్టి ఆ తార నిజమైన కాంతిని నిర్ణయించవచ్చునని వారు 1957లో వెల్లడించారు. నిజకాంతి తెలిస్తే, కంటికి కనబడే కాంతితో పోల్చి దూరాన్ని లెక్కగట్టవచ్చు. అయితే ఈ కొలబద్దను ముందుగా దూరం తెలిసిన తారలతో సరిచూడాలి. మా కాటాకు తెలిసిన బరువు ఎట్టిదో, దీనికి సూర్యుడు అట్టివాడు.

విదేశంలో స్థిరపడే అవకాశమున్నా ఆయన స్వదేశానికే మరలివచ్చారు. నాటికి మన దేశంలో పెద్ద దుర్భిణులు లేవు. నైనిటాల్‌లో నక్షత్రశాలను తీర్చిదిద్ది, 1960లో కొడైకెనాల్ బాధ్యత వహించారు. తమిళనాడులోని కావలూరును ఎంచుకొని, 1968లో 38 సెంటీమీటర్ల దుర్భిణితో అక్కడ పని ఆరంభించారు. 1972లో 102 సెంటీమీటర్ల దుర్భిణి వచ్చింది. 1977లో యురేనస్ వలయాల ఆవిష్కరణలో దానికీ పాత్ర ఉంది. 1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు.

234 సెంటీమీటర్ల దుర్భిణిని మన దేశంలోనే నిర్మించాలన్నది ఆయన సంకల్పం. అది పూర్తికాకమునుపే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో ఆయన కన్నుమూశారు. 1986లో ఆ దుర్భిణికి ఆయన పేరే పెట్టారు.

ఆయన పెంచిన భారత ఖగోళ భౌతిక సంస్థ, టాటా సంస్థతో కలిసి లడఖ్‌లోని హాన్లేలో గామా కిరణాల దుర్భిణులను నెలకొల్పింది. గామా కిరణం నేలను చేరదు. వాయుమండలాన్ని తాకినప్పుడు పుట్టే క్షణికమైన నీలికాంతినే ఆ దుర్భిణులు పట్టుకొంటాయి. ఇట్టి దుర్భిణులను సరిచూచేందుకు, తెలిసిన కాంతినిచ్చే దీపాన్ని డ్రోన్‌పై ఎగురవేసే పద్ధతిని నేడు విదేశీ శాస్త్రజ్ఞులు పరీక్షిస్తున్నారు. తెలిసినదానితో తెలియనిదానిని కొలవడమనే సూత్రం మాత్రం అదే.

గని అంచున చదివే మన విద్యార్థులు ఈ జీవితాన్ని స్మరించాలి. సాధనం లేదని ఆయన పరితపిస్తూ కూర్చోలేదు, సాధనాన్నే నిర్మించబూనారు.