విరిగిన ఎముకకు విద్య నేర్పిన హకీం: అబుల్ ఖాసిం జహరావీ

మన ఇళ్ళలో పెద్ద హకీంల మాట వస్తే ఇబ్నె సీనా పేరు, రాజీ పేరు చాలామందికి తెలుసు. యునానీ దవాఖానా గుమ్మం ఒక్కసారి ఎక్కినవారికైనా ఈ పేర్లు చెవిన పడే ఉంటాయి. కాని కత్తి, రంపం, పట్టకారు చేతబట్టి వైద్యం చేసినవారిలో అగ్రగణ్యుడైన జహరావీ పేరు మనలో అంతగా వినిపించదు. యూరపు వైద్యులు మాత్రం ఆయన్ను అల్బుకాసిస్ అనే పేరుతో శతాబ్దాలపాటు తమ గురువులలో ఒకరిగా లెక్కించారు. అలాంటి మనిషి గురించి మన సొసైటీ సభ్యులు, వారి పిల్లలు నాలుగు మాటలు తెలుసుకోవడం అవసరమని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్నె అబ్బాస్ అల్ జహరావీ. స్పెయిన్ దేశాన్ని మన చరిత్రలో అందలూస్ అంటారు. దాని రాజధాని ఖుర్తుబా, అంటే నేటి కార్డోబా. ఆ నగరానికి పడమరగా సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో మదీనతుజ్జహరా అనే కొత్త రాజనగరం కట్టించడం మొదలుపెట్టారు. మన హకీం పుట్టింది కూడా ఆ రోజులలోనే. ఆ ఊరివాడు కాబట్టి జహరావీ అయ్యారు. పూర్వీకులు మదీనా అన్సారులు, అందుకని పేరు చివర అన్సారీ అని కూడా రాస్తారు. అబ్దుర్రహ్మాన్ తరువాత ఖలీఫా అయిన రెండవ హకమ్ పుస్తకాల పిచ్చి ఉన్న మనిషి. ఆయన గ్రంథాలయంలో నాలుగు లక్షల పుస్తకాలు ఉండేవని పాత చరిత్రకారులు రాసిపెట్టారు. లెక్క కొంచెం పెరిగి ఉండవచ్చుగాని, అంత చదువు మధ్య పెరిగినవాడు జహరావీ.

ఆయన సొంత జీవితం గురించి చరిత్రకారులు రాసింది బహు తక్కువ. హుమైదీ అనే పండితుడు తన గ్రంథంలో కొద్ది పంక్తులలో ఆయన్ను మెచ్చుకుని, హిజ్రీ 400 తరువాత అందలూస్‌లో చనిపోయారని చెప్పి ఊరుకున్నారు. కాని ఆయన స్వభావం తెలుసుకోవడానికి మరొకరు అక్కరలేదు. 1000 ప్రాంతంలో పూర్తయిన అత్తస్రీఫ్ అనే 30 భాగాల గ్రంథం ఉంది. అందులో చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్స మీద. మనిషి అక్కడ దాపరికం లేకుండా కనిపిస్తారు. శిష్యులను నా బిడ్డలారా అని పిలుస్తారు, తప్పుచేసే వైద్యులను తిడతారు, భయపడవలసిన చోట భయపడమని చెబుతారు.

ఆ భాగం మొదట్లోనే ఆయన బాధ బయటపడుతుంది. తన దేశంలో చేతితో చేసే వైద్యం దాదాపు అంతరించిపోయిందని, కారణం వైద్యులు శరీర నిర్మాణం చదవకుండా కత్తి పట్టడమేనని అంటారు. ఊరికే అనలేదు, తన కంటితో చూసినవి వరుసగా రాశారు. వాటిలో ఒకటి ఎముకకు సంబంధించినది. ఒక సేనాధిపతి దగ్గర పనిచేసే నల్లజాతి సేవకుడికి మడమకు దగ్గరగా కాలు విరిగింది, పైన గాయం కూడా అయింది. వచ్చిన వైద్యుడు ఆ గాయం మీదనే దూది మెత్తలు, బద్దలు పెట్టి, గాలి ఆడకుండా బిగించి కట్టేసి, కొన్ని రోజులు విప్పవద్దని చెప్పి వెళ్ళాడు. కాలు, పాదం వాచిపోయాయి, మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు జహరావీని పిలిచారు. ఆయన వెళ్ళి చకచకా కట్టు విప్పితే రోగికి కాస్త ప్రాణం తెరపిన పడింది గాని, లోపల కుళ్ళు అప్పటికే పట్టుకుంది. అది పైకి పాకుతూ పోయి చివరికి ఆ మనిషిని తీసుకుపోయింది.

ఆ సేవకుడి పేరు కూడా చరిత్రలో లేదు. అయినా వెయ్యేళ్ళుగా అతని కాలు ప్రపంచానికి పాఠం చెబుతూనే ఉంది. వాచే అవయవాన్ని బిగించి కడితే రక్తం ఆడక కండ చచ్చిపోతుందని నేటి ఎముకల డాక్టర్లు కూడా అదే చెబుతారు. కట్టు వేశాక వేళ్ళు నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకపోగా పెరిగినా వెంటనే విప్పించాలి. పిల్లవాడు ఏడుస్తున్నాడు కదా అని సర్దిచెప్పి పడుకోబెట్టే తల్లిదండ్రులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

గ్రంథంలో ఎముకల విభాగానికే 35 అధ్యాయాలు ఉన్నాయి. విరిగిన చోట వాపు ఉంటే ఆ పూటే బద్దలు బిగించవద్దు, వాపు దిగేదాకా కొన్ని రోజులు ఆగు అంటారు. గాయం ఉన్న విరుపైతే గాయానికి ఎదురుగా కట్టులో కిటికీలా కోసి ఉంచాలి, అప్పుడే చీము బయటకు పోతుంది, రోజూ మందు వేయడానికి వీలవుతుంది. తిరగలి గోడలకు అంటుకునే మెత్తని పిండిని గుడ్డు తెల్లసొనతో కలిపి ఎముక మీద పట్టు వేయడం ఆయన చెప్పిన పద్ధతులలో ఒకటి. బద్దలు వెడల్పైన రెల్లు చీల్చి గాని, కొయ్యతో గాని, ఖర్జూరపు మట్టలతో గాని చేసుకోమన్నారు. మన పుత్తూరు కట్టు చూసినవారికి ఈ తెల్లసొన, ఈ బద్దలు కొత్తగా అనిపించవు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. విరిగిన ఎముకను కదలకుండా నిలబెట్టవలసిన అవసరం మనుషులందరికీ ఒకటే కదా!

పథ్యం గురించి కూడా రాశారు. మొదటి రోజుల్లో తేలిక తిండి, ఎముక అతుక్కోవడం మొదలయ్యాక బలమైన జిగురు ఆహారం. అందులో ఆయన చెప్పిన పేర్లు చూడండి: హరీసా, అన్నం, తలకాయ, కాళ్ళు, గుడ్లు, తాజా చేపలు. హైదరాబాదులో బార్కస్ వైపు హరీస్ తిన్నవారు, కాలు విరిగిన చుట్టానికి పాయా చేసి పంపిన మన తల్లులు ఈ మాట విని నవ్వుకుంటారు.

వంకరగా అతుక్కున్న ఎముక విషయంలో ఆయన చాలా గట్టిగా మాట్లాడారు. కొందరు మొరటు వైద్యులు దాన్ని మళ్ళీ విరగ్గొట్టి కట్టేవారు. ఇది ప్రాణం తీసే పని అని మందలించి, ముందు నూనెలతో, లేపనాలతో మెత్తబరచి సరిచేయమన్నారు. వెన్నుపూస విరిగినవారి విషయంలో అయితే, చేతులు కదులుతున్నాయా, గిల్లితే, సూదితో గుచ్చితే తెలుస్తోందా అని ముందు చూడమన్నారు. మెడ దగ్గర దెబ్బతగిలి చేతులకు స్పర్శ పోతే ఆశ తక్కువని, నడుము దగ్గరైతే కాళ్ళకు ఆ స్థితి వస్తుందని, మలమూత్రాలు తెలియకుండా పోతాయని వివరించారు. ఎక్స్‌రే అంటే ఏమిటో ఎవరికీ తెలియని కాలంలో కళ్ళు, వేళ్ళు, ఒక సూది, ఇవే ఆయన పరీక్షా పరికరాలు.

ఇక పరికరాల సంగతి. గ్రంథంలో సుమారు 200 పరికరాల బొమ్మలు ఉన్నాయి. ఎముకను గీకే ఆకురాళ్ళు, రకరకాల రంపాలు, ఉలులు, కొక్కేలు, పట్టకార్లు, బాణం మొన లాగే పనిముట్లు, ఇలా ఒక్కొక్కటి గీసి ఏ లోహంతో చేయాలి, ఎంత పరిమాణం ఉండాలి అని చెప్పారు. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది పుర్రెకు వాడే బరమా. తల పగిలి ఎముక లోపలికి నొక్కుకుపోతే, ఆ ముక్క చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు వేసి, మధ్య ఎముకను ఉలితో కోసి ముక్కను తీసేయాలి. కాని బరమా ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ దిగినా మెదడు పొర చిరుగుతుంది. అందుకని బరమా మొనకు కాస్త పైన చుట్టూ ఒక అంచు ఉంచారు. ఎముక మందం దాటగానే ఆ అంచు అడ్డుపడి ఇక లోపలికి దిగనివ్వదు. అందరి పుర్రె మందం ఒకటి కాదు గనుక, మొన పొడవు తక్కువ, ఎక్కువగా ఉండే బరమాలు కొన్ని దగ్గర ఉంచుకోమన్నారు. ఇప్పటి మెదడు ఆపరేషన్లలో కూడా ఎముక దాటగానే తనంతట తానే ఆగిపోయే బరమాలు వాడతారు. తయారీ వేరు, జాగ్రత్త అదే.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. మనవాళ్ళ ఉపన్యాసాలలో అప్పుడప్పుడు జహరావీగారే అన్నీ కనిపెట్టారని వినిపిస్తుంటుంది. అది ఆయనకు గౌరవం కాదు. లోపలికి దిగని బరమా ఊహ గ్రీకు వైద్యులకు ముందే ఉంది. ఏడవ శతాబ్దపు పౌలస్ అనే గ్రీకు వైద్యుడి గ్రంథం నుంచి ఆయన చాలా తీసుకున్నారు. పూర్వపు హకీంల పుస్తకాలు పట్టుకుని చదవందే ఈ విద్య పట్టుబడదని ఆయనే ఒప్పుకున్నారు. మాటిమాటికీ జారిపోయే గూడకు ఇనుము కాల్చి వాతలు పెట్టడం వంటివి ఆయన గ్రంథంలో ఉన్నాయి, అవి ఇప్పుడు ఎవరూ చేయరు. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది. విన్నదాన్ని చేతితో చేసి చూశారు, పనికివచ్చిందా లేదా చెప్పారు, కమ్మరి చూసి చేయగలిగేట్టు పనిముట్టు బొమ్మ గీసి ఇచ్చారు. పైగా ఇన్ని రంపాలు గీసిన తరువాత కూడా, ఇవే చాలవు, ఎదురైన ఎముకను బట్టి నీవే కొత్త పనిముట్టు ఊహించి చేయించుకో అని శిష్యులకు స్వేచ్ఛ ఇచ్చారు.

ఆయన చేసిన ఒక చికిత్స చెబుతాను. సుమారు 30 ఏళ్ళ యువకుడు, కాలి ఎముక లోపల చీము పట్టింది. చాలాకాలం వైద్యులు చుట్టూ తిరిగారు, కాలికి రంధ్రాలు పడి చీము కారుతూనే ఉంది. జహరావీ సలాక పెట్టి చూస్తే ఆ రంధ్రాలన్నీ లోపల ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. ఒకచోట కోసి చూస్తే ఎముక నల్లబడి చచ్చిపోయి ఉంది. ఆ భాగం రంపంతో కోసి తీశారు. మానలేదు. మళ్ళీ కోశారు, మళ్ళీ తీశారు. ఒక్కసారే అంతా తీసేస్తే రోగి తట్టుకోలేడని కొద్దికొద్దిగా చేశారు. చివరికి పాడైన ఎముక పోయి, ఆ ఖాళీలో గట్టి కండ పెరిగి, ఆ యువకుడు మళ్ళీ నడిచాడు.

ఆగిన సందర్భమూ ఉంది. పాదం నల్లబడి కుళ్ళుతున్న ఒక మనిషి తన పాదాన్ని తానే కోసుకుని బతికాడు. తరువాత చేతికి అదే రోగం వచ్చి, చేయి తీసేయమని జహరావీని వేడుకున్నాడు. అతని బలం సన్నగిల్లింది, కోస్తే చనిపోతాడని భయపడి ఆయన ఒప్పుకోలేదు. ఆ మనిషి ఇంటికి పోయి చేయి కూడా తానే కోసుకుని బతికాడు. ఇది దాచిపెట్టవచ్చు, శిష్యులకు తెలియకపోను. అయినా రాశారు.

యుద్ధాలకు లోటులేని కాలం, బాణం దెబ్బలు తరచుగా వచ్చేవి. కంటి దగ్గర బాణం దిగిన ఒక యూదుడికి, గొంతులో బాణం దిగిన ఒక క్రైస్తవుడికి ఆయన బాణం తీసి బతికించిన సంగతులు గ్రంథంలో ఉన్నాయి. మతం మాట గుర్తుకోసం ఒక ముక్కలో చెప్పి, మిగతాదంతా బాణం ఏ దిక్కుగా దిగింది, ఎలా వచ్చింది అన్న విషయమే రాశారు.

ఆయన చివరి రోజులు కష్టకాలం. ఖిలాఫత్‌లో అంతఃకలహాలు రేగాయి. 1010లో సైనికులు మదీనతుజ్జహరాను దోచి పాడుచేశారు. పుట్టిన ఊరు శిథిలమైపోయింది. హకీం సాహెబ్ 1013 ప్రాంతంలో చనిపోయారని పండితుల అంచనా. ఆ నగరం మట్టిలో పూడిపోయి ఉండగా 1911లో తవ్వకాలు మొదలయ్యాయి. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

పుస్తకం మాత్రం పూడిపోలేదు. 12వ శతాబ్దంలో తొలైతలా, అంటే టొలేడో నగరంలో, జెరార్డ్ అనే పండితుడు దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. 1363లో ఫ్రెంచి సర్జన్ గీ ద షోలియాక్ తన పెద్ద గ్రంథంలో జహరావీ పేరు సుమారు 200 సార్లు చెప్పాడు. 1465లో అమాసియాలో షరఫుద్దీన్ సాబూంజీ ఓగ్లూ అనే తుర్కీ వైద్యుడు ఈ గ్రంథం ఆధారంగా తుర్కీలో రంగుల బొమ్మలతో ఒక పుస్తకం తయారుచేసి సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్‌కు అంకితమిచ్చారు. అరబ్బీలో ఎముక కట్టే విద్య పేరు జబ్ర్, విరిగినదాన్ని కూర్చడం అని అర్థం. బీజగణితానికి ఆల్జీబ్రా అనే పేరు వచ్చింది కూడా ఈ మాటనుంచే. స్పెయిన్‌లో ఎముకలు కట్టేవాణ్ణి చాలాకాలం అల్హెబ్రిస్టా అనే పిలిచారు. వారి ప్రసిద్ధ నవల డాన్ కిహోటేలో కూడా అలాంటివాడు ఒకడు వస్తాడు. కార్డోబాలో ఒక వీధికి ఇప్పటికీ అల్బుకాసిస్ పేరే ఉంది.

మన హైదరాబాదు కూడా ఈ విద్యకు దూరం కాదు. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, అరబ్బీ శస్త్రచికిత్సా గ్రంథాలలో మరొకటైన ఇబ్నుల్ ఖుఫ్ రచన అల్ ఉమ్దాను హిజ్రీ 1356లో రెండు సంపుటాలుగా అచ్చువేసింది. ఇబ్నుల్ ఖుఫ్ 13వ శతాబ్దపు క్రైస్తవ వైద్యుడు. రాజీగారి అల్ హావీ సంపుటాలు కూడా ఆ సంస్థే అచ్చువేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్ళినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని ఆ భవనం ఒకసారి చూపించండి.