ఆర్థిక అంచనాలకు గీటురాయి ఆచార్య జి.ఎస్. మద్దాల కృషి

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎకనమెట్రిక్స్‌కు ప్రత్యేక శాఖ నెలకొన్నది. ఆర్థిక సిద్ధాంతాలను గణాంకాలతో పరీక్షించే ఈ శాస్త్రంలో అంతర్జాతీయ ఖ్యాతి పొందినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయ పట్టభద్రులు ఆచార్య జి.ఎస్. మద్దాల.

1933 మే 21న జన్మించిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి గణితశాస్త్రంలో బి.ఏ., బొంబాయి విశ్వవిద్యాలయం నుండి గణాంకశాస్త్రంలో ఎం.ఏ. పట్టాలు పొందారు. ఫుల్‌బ్రైట్ విద్వాంసునిగా అమెరికా వెళ్లి, 1963లో షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ సాధించారు. అనంతరం స్టాన్‌ఫోర్డ్, రోచెస్టర్, ఫ్లోరిడా, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు.

దేశ ఆదాయం, ధరలు, ఉపాధి మధ్య గల సంబంధాలను సమీకరణాలుగా కూర్చేదే స్థూల ఆర్థిక నమూనా. 1936లో నెదర్లాండ్స్‌కు యాన్ టిన్‌బర్గెన్ అటువంటి తొలి నమూనాను రూపొందించారు. అయితే 1970వ దశకంలో ధరలు, నిరుద్యోగం ఏకకాలంలో పెరగడంతో పాత నమూనాలపై విశ్వాసం సడలింది. విధానం మారినప్పుడు ప్రజల ప్రవర్తన కూడా మారుతుందని, పాత గణాంకాల ఆధారంగా కొత్త విధానాన్ని అంచనా వేయడం తగదని 1976లో రాబర్ట్ లూకాస్ విమర్శించారు.

ఈ సంధికాలంలో మద్దాల పరీక్షా పద్ధతులపై దృష్టి సారించారు. ధరను నియంత్రించిన విపణిలో గిరాకీ, సరఫరాలు సమానం కానవసరం లేదు. అక్కడ నమోదయ్యే అమ్మకం ఆ రెండింటిలో తక్కువైనదే. చౌకధరల దుకాణంలో నిల్వ నిండుకున్ననాడు అమ్ముడైన బియ్యాన్ని బట్టి ప్రజల అవసరాన్ని లెక్కించలేము. ఇటువంటి విపణులకు తగిన గణన విధానాన్ని 1974లో ఫారెస్ట్ నెల్సన్‌తో కలసి ఆయన ప్రకటించారు. రుణం తీసుకోవడమా మానడమా వంటి వ్యక్తిగత నిర్ణయాలను విశ్లేషించే పద్ధతులపై 1983లో వెలువరించిన గ్రంథం ప్రామాణికమైంది.

కాలంతోపాటు పెరిగే రెండు అంకెల వరుసల మధ్య లేని సంబంధం కూడా ఉన్నట్లు కనిపించవచ్చు. ఈ భ్రమను తొలగించే పరీక్షలను, ఆర్థిక వ్యవస్థలో వచ్చే ఆకస్మిక మార్పులను వివరిస్తూ 1998లో ఇన్-మూ కిమ్‌తో కలసి మరొక గ్రంథం రచించారు.

1999 జూన్ 4న ఆయన కీర్తిశేషులైనారు. అంచనాను ఆమోదించే ముందు దాని ఆధారాలను పరీక్షించాలన్న ఆయన కృషి సారాంశం బడ్జెట్ రూపకర్తలకు, ఆ అంకెలను ప్రజలకు వివరించే పాత్రికేయులకు నేటికీ అనుసరణీయం.