ఎముకల వైద్యం నేర్పిన గురువు: అబుల్ ఖాసిం జహ్రావీ

వైద్యశాస్త్ర చరిత్రలో ముస్లిం హకీములు చేసిన సేవ గురించి ముచ్చటించుకున్నప్పుడల్లా మనవాళ్ళ నోట ముందుగా ఇబ్నె సీనా పేరే వస్తుంది. అది సబబే. కాని ఎముకలు, కీళ్ళు, నరాలు, కండరాల వైద్యాన్ని పద్ధతిగా శిష్యులకు నేర్పి, ఆ పాఠాన్ని బొమ్మలతో సహా గ్రంథస్థం చేసిపోయిన మరొక మహానుభావుడున్నాడు. ఆయనే అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ అజ్ జహ్రావీ. యూరపు వాళ్ళు ఆయన్ని అబుల్‌కాసిస్ అని పిలుచుకున్నారు. ఆయన జీవితాన్ని మన సభ్యులకు, ముఖ్యంగా డాక్టరు చదువుల్లో ఉన్న మన పిల్లలకు, తెలియజేయాలన్నదే మా ఉద్దేశం.

నేటి స్పెయిను దేశంలో కార్డోబా నగరం ఉన్నది. పదవ శతాబ్దంలో అది అందలూసియా రాజ్యానికి రాజధాని, విద్యలకు పుట్టినిల్లు. ఖలీఫా మూడవ అబ్దుర్ రహ్మాన్ ఆ నగరం పక్కనే 936 ప్రాంతంలో మదీనతుజ్ జహ్రా అనే కొత్త పట్టణానికి పునాది వేశాడు. మన కథానాయకుడు పుట్టినది ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఊరి పేరే ఇంటిపేరై జహ్రావీ అయినాడు. ఆ తరువాత వచ్చిన అంతఃకలహాలలో ఆ పట్టణం దోపిడీకి గురై నేలమట్టమైంది. ఆయన జీవిత విశేషాలు చాలావరకు ఆ శిథిలాలలోనే కలిసిపోయాయి. ఆయన 1013 ప్రాంతంలో కన్నుమూశాడని చరిత్రకారులు చెబుతారు. ఆయన్ని మనకు పరిచయం చేసేది ఆయన రాసిన గ్రంథమే.

ఆ గ్రంథం పేరు కితాబ్ అత్ తస్రీఫ్. మొత్తం ముప్పై భాగాలు. సుమారు యాభై ఏళ్ళ వైద్యానుభవమంతా పోగుచేసి, సుమారు 1000 నాటికి దాన్ని పూర్తిచేశాడు. చివరిదైన ముప్పయ్యవ భాగం శస్త్రవైద్యం. దానిలో మళ్ళీ మూడు విభాగాలు. మొదటిది వాతలు పెట్టడం, రెండవది కోతలు, మూడవది విరిగిన ఎముకలు, తొలగిన కీళ్ళు. సుమారు రెండువందల పనిముట్ల బొమ్మలు అందులో ఉన్నాయి. శిష్యులను కన్నబిడ్డలుగా సంబోధిస్తూ, పక్కన కూర్చోబెట్టుకుని చెబుతున్నట్లు రాశాడు.

ఇంతకీ ఈ భాగం రాయవలసిన అవసరం ఆయనకు ఎందుకు కలిగింది? తన కాలంలో చేతిపని తెలిసిన వైద్యుడు కనబడడం లేదని ఆయన బాధపడ్డాడు. శరీరంలో ఎముకలెన్ని, కీళ్ళు ఎలా కూడుకున్నాయి, కండరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయి అనేది తెలియకుండా రోగిమీద చెయ్యి వేసేవాడు ప్రాణాలు తీస్తాడని హెచ్చరించాడు. ఊరికే హెచ్చరించి ఊరుకోలేదు. కళ్ళారా చూసిన ఉదంతాలు చెప్పాడు.

వాటిలో ఒకటి మనం బాగా గుర్తుపెట్టుకోవలసింది. ఒక సేవకునికి మడమ దగ్గర కాలు విరిగింది, పుండు కూడా పడింది. ఒక అధికారి దగ్గర జీతం తీసుకునే వైద్యుడొకడు ఆ పుండుమీదే బద్దలు పెట్టి, గాలి ఆడకుండా బిగించి కట్టేశాడు. కట్టు విప్పవద్దని చెప్పి రోజుల తరబడి వదిలేశాడు. కాలు, పాదం వాచిపోయి మనిషి చావుకు దగ్గరైనప్పుడు జహ్రావీకి కబురు వచ్చింది. ఆయన పరుగున వెళ్ళి కట్టు విప్పించాడు. నొప్పి తగ్గింది గాని అప్పటికే కుళ్ళు పట్టుకుంది. ఎంత ప్రయత్నించినా అది ఆగలేదు, ఆ మనిషి దక్కలేదు. చంపింది విరిగిన ఎముక కాదు, తెలియనివాడు కట్టిన కట్టు.

అందుకే కట్టు కట్టే పద్ధతిని ఆయన అంత ఓపికగా నేర్పాడు. విరిగినచోట కట్టు కాస్త గట్టిగా, అక్కడనుంచి దూరం పోయేకొద్దీ వదులుగా ఉండాలన్నాడు. పల్లాలలో మెత్తని గుడ్డలు నింపి ఆ తరువాతే బద్దలు పెట్టమన్నాడు. నొప్పి, దురద, వాపు ఎక్కువైతే వెంటనే విప్పి చూడమన్నాడు. భుజం కీలు తొలగిందని అనుమానం వస్తే ముందు బాగున్న భుజంతో పోల్చి చూడమన్నాడు. వంకరగా అతుక్కున్న ఎముకను మళ్ళీ విరగగొట్టే నాటువైద్యుల పద్ధతిని తప్పుబట్టాడు.

పన్నెండవ శతాబ్దంలో క్రెమోనా వాడైన గెరార్డు ఈ శస్త్రభాగాన్ని టోలెడో నగరంలో లాటినులోకి తర్జుమా చేశాడు. అప్పటినుంచి కొన్ని శతాబ్దాలపాటు యూరపు వైద్య విద్యార్థులకు అదే పాఠ్యగ్రంథమైంది.

వెయ్యేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకని కొందరు అడగవచ్చు. ఆయన బెంగ ఇంకా తీరలేదని మా మనవి. 1998లో అమెరికాలో, ముప్పైయేడు వైద్యకళాశాలలనుంచి వచ్చిన 85 మంది కొత్త డాక్టర్లకు ఎముకలు, కండరాల వైద్యంలో ప్రాథమిక పరీక్ష పెడితే 70 మంది తప్పారు. అంటే నూటికి 82 మంది! అన్ని సౌకర్యాలూ ఉన్నచోటే అట్లా ఉంటే ఇక మనవైపు సంగతి ఆలోచించండి. నడుం నొప్పి, మోకాలి నొప్పి, చెయ్యి జారిందని వచ్చేవారు ముందుగా చూపించుకునేది పెద్ద ఎముకల డాక్టరుకు కాదు, దగ్గరి ఆసుపత్రిలోని మామూలు డాక్టరుకే. కుటుంబ వైద్యానికి తర్ఫీదు పొందే యువ డాక్టర్లు ఈ విద్యను పుస్తకంలోనే కాక రోగి కీలు పట్టుకుని నేర్చుకోవాలని నేడు వైద్య విద్యావేత్తలు అంటున్నారు. జహ్రావీ తన శిష్యులకు చెప్పిందీ అదే గదా!

మన పార్వతీపురం 2022లో మన్యం జిల్లాకు కేంద్రమైంది. అయినా కొండమీది గూడేలనుంచి డోలీ కట్టి రోగిని దింపవలసిన దారులు ఇంకా ఉన్నాయి. జీలుగు చెట్టు మీదనుంచి, చింతచెట్టు మీదనుంచి జారిపడ్డవాళ్ళకు మొదట దొరికేది ఊళ్ళో కట్టు కట్టేవాడే. వాళ్ళను చులకన చేయడం మా ఉద్దేశం కాదు, వారిలో నేర్పరులున్నారు. అయితే కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్ళు నల్లబడినా, నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. ఆ కట్టును వెంటనే వదులు చేయించి ఆసుపత్రికి తీసుకుపోండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే ఇంటి వైద్యం అసలే వద్దు. ఈ నాలుగు ముక్కలూ ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

జహ్రావీకి కోటలు లేవు, ఆయన పుట్టిన పట్టణమే మిగలలేదు. మిగిలింది తనకు తెలిసిన విద్యను దాచుకోకుండా శిష్యుల చేతుల్లో పెట్టిన పుణ్యం ఒక్కటే. మన బిడ్డల్లో డాక్టర్లయ్యేవారు ఆయన పేరును గోడమీద పటానికి పరిమితం చేయక, ఆయన చూపిన జాగ్రత్తను తమ వేళ్ళలోకి తెచ్చుకోవాలని ఆశిస్తున్నాము.